మూడో సినిమా, డెబ్బై రెండో నిమిషం

మా గదికి కిటికీ ఒకటే. దాని ఎదురుగోడకి ఎడమవైపు బతికున్న కార్డులు, కుడివైపు చచ్చిపోయిన కార్డులు అంటిస్తాం. మూడు వారాలయ్యేసరికి ఎడమవైపు గోడకి వేసిన సున్నం తప్ప ఏమీ కనిపించడం లేదు. కుడివైపు గోడే కనిపించడం లేదు.

అందుకు కారణం నేనే.

నౌక సినిమాలకి పెద్ద పేరేదో ఉంది గానీ, ఆ పేరుతో ఎవరూ పిలవరు. వీధిలో పిల్లలకీ, మా గదిలో రచయితలకీ అవి నౌక సినిమాలే. పదకొండేళ్లలో నాలుగు వచ్చాయి, నాలుగూ ఆడాయి. ఒక నౌక, అందులో మూడు వందల మంది, మరో సూర్యుడి దాకా ప్రయాణం. వాటిలోంచి ఇప్పుడొక టీవీ సీరియల్ తీయాలని నిర్మాత పట్టుబట్టాడు. హీరో, హీరోయిన్ టీవీకి రారు. కాబట్టి సినిమాల్లో వాళ్ల పక్కన నిలబడ్డవాళ్లలో ఎవరో ఒకరిని పట్టుకుని కథంతా ఆ మనిషి మీద నడపాలి. ఎవరిని పట్టుకోవాలన్నదే తేలడం లేదు. అనుకున్న ఒక్కో మనిషికీ గోడ మీద ఒక్కో కార్డు.

నా పని కథ రాయడం కాదు. ఏ సినిమాలో ఏ నిమిషానికి ఎవరు ఎక్కడున్నారు, ఏం వేసుకున్నారు, ఎవరికి ఏ చేతికి దెబ్బ తగిలింది, ఇవన్నీ రాసిపెట్టిన లావుపాటి రిజిస్టరు ఒకటి నా దగ్గరుంటుంది. రచయితలు ఏదైనా అనుకోగానే అది సినిమాల్లో ఉన్నదానికి అడ్డమొస్తుందో లేదో నేను చూసి చెప్పాలి. అందుకే నన్ను ‘రిజిస్టరు గారూ’ అంటారు. అసలు పేరుతో పిలిస్తే నేనే వెంటనే పలకనేమో.

ఆ ఉదయం చచ్చిపోయింది నౌక డాక్టరు. ఆ కార్డు జంట రచయితలది. వాళ్లిద్దరూ భార్యాభర్తలు. ఒకే కంప్యూటరు ముందు కూర్చుని, ఒకరి వాక్యం ఒకరు కొట్టేసుకుంటూ రాస్తారు.

“రెండో సినిమా, నలభై ఒకటో నిమిషం,” అన్నాను. “తనకి నా అన్నవాళ్లెవరూ లేరని డాక్టరే చెబుతుంది. మీ కార్డులో ఆవిడకి కూతురుంది.”

“పెంచుకున్న కూతురండీ,” అన్నాడు భర్త.

“ఎవరూ లేరంది.”

“అబద్ధం చెప్పిందనుకోండి.”

“ఆ మాట చెప్పింది అబద్ధమాడితే ఎర్రగా వెలిగే కుర్చీలో కూర్చుని. కుర్చీ వెలగలేదు.”

భార్య పక్కకి తిరిగి నవ్వుకుంది. “లే, లేచి చెప్పు,” అంది భర్తతో.

మా గదిలో ఒక ఆచారం ఉంది. ఎవరి కార్డు చచ్చిపోతే వాళ్లు లేచి నిలబడి, ఆ పాత్రకి ఒక్క నిమిషం సంతాపం చెప్పాలి. ఇది పెట్టింది మేడమ్, అంటే మా ప్రధాన రచయిత్రి. పోయినవాళ్లకి నాలుగు మంచి మాటలు చెప్పేస్తే వాళ్లు మళ్లీ మళ్లీ తిరిగిరారని ఆవిడ నమ్మకం. అనుభవంలో అది నిజమే. సంతాపం చెప్పని పాత్రలు వారం తిరక్కుండానే వేరే పేరుతో ఎడమ గోడ మీదికి పాకేవి.

భర్త లేచి గొంతు సవరించుకున్నాడు. “డాక్టరు గారు నిన్న సాయంత్రం నాలుగింటికి పుట్టి, ఇవాళ పదింటికి రిజిస్టరు గారి చేతుల్లో కన్నుమూశారు. చాలా మంచి మనిషి. ఎవరికీ ఇంజెక్షను నొప్పి తెలియనిచ్చేవారు కాదు. ఆవిడకి పిల్లలు లేరట. ఆ సంగతి ఆవిడకీ ఇప్పుడే తెలిసింది.”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మూడు వారాల్లో నేను ఒక్కసారి కూడా లేచి నిలబడలేదు. నాకు చచ్చిపోవడానికి కార్డంటూ ఉంటే కదా.

మేడమ్ చెవి మీద నుంచి పెన్సిలు తీసి బల్ల మీద రెండుసార్లు కొట్టింది. “వచ్చే సోమవారం ఛానెల్ ఆయన వస్తాడు. ఆయనకి ఖాళీ గోడ చూపించాలా? రిజిస్టరు గారూ, మీరే చెప్పండి. ఎవరికీ అడ్డం రాని మనిషి ఈ నౌకలో ఒక్కడైనా ఉన్నాడా?”

అది ప్రశ్న కాదు, దెప్పు. ఎప్పట్లా తల దించుకుంటే సరిపోయేది. కానీ నా నోరు నన్ను అడక్కుండానే తెరుచుకుంది.

“తలుపు మనిషి,” అన్నాను.

“ఎవరు?”

చెప్పాను. నౌకలోంచి బయటికి వెళ్లే పెద్ద తలుపు దగ్గర బూడిదరంగు బట్టల్లో ఒకతను ఉంటాడు. మొదటి మూడు సినిమాలూ కలిపినా అతను కనబడేది నాలుగు నిమిషాలకి మించదు. వెళ్లేవాళ్లని లెక్కపెడతాడు, వచ్చేవాళ్లని లెక్కపెడతాడు. మొదటి సినిమాలో హీరో ఒక గ్రహాన్ని కాపాడి, ఒళ్లంతా బూడిదతో తిరిగొస్తే, “బూట్లు తుడుచుకోండి” అంటాడు. హాలంతా గొల్లున నవ్వింది అప్పట్లో.

“వాళ్లంతా బయటికెళ్లి యుద్ధాలు చేస్తారు. ఇతను వెళ్లడు,” అన్నాను. “సీరియల్ అంతా ఆ తలుపు దగ్గరే జరిగితే ఎలా ఉంటుంది? వెళ్లేటప్పటి మొహాలు, వచ్చేటప్పటి మొహాలు. మధ్యలో ఏం జరిగిందో మనకి చూపించం. అతనికీ తెలీదు. మొహాలు చూసి ఊహించుకుంటాడు. ఐదుగురు వెళ్లి నలుగురొస్తే, ఐదోవాళ్ల గురించి అడగాలా వద్దా అని రాత్రంతా తేల్చుకోలేడు.”

ఇంత పొడుగు మాట నేను ఆ గదిలో ఎప్పుడూ అనలేదు. నా గొంతు పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టుంది. ఏదో తప్పు చేసినవాడిలా నా రిజిస్టరు అంచు సర్దుకున్నాను.

“కార్డు రాయండి,” అంది మేడమ్.

నా దగ్గర కార్డుల్లేవు. జంటలో భార్య తన కట్టలోంచి ఒకటి తీసి నా ముందుకి తోసింది.

ఆ వారం నా కాళ్లు నేలమీద ఆనలేదు. కార్డు పక్కన కార్డు చేరి, శుక్రవారానికి ఎడమ గోడ మీద పన్నెండు భాగాల కథ నిలబడింది. తలుపు మనిషి వేషం వేసినాయన ఇప్పుడొక బట్టల దుకాణంలో మేనేజరు. నిర్మాత ఫోన్ చేస్తే సరేనన్నాడు. నేను ఏది చెప్పినా మేడమ్ తల ఊపేది. ఒకసారైతే భర్త నా వాక్యాన్ని కొట్టేశాడు కూడా. వాళ్లింట్లో అది మర్యాద కిందే లెక్క.

ఒంటరిగా ఉండేవాడికి సంతోషం కొత్త చెప్పుల్లాంటిది. ఎంత బాగున్నా నడిచినంతసేపూ కాళ్ల వైపే చూసుకుంటాడు. నేను ఆఫీసు మెట్లెక్కుతూ కూడా నన్ను నేను గమనించుకుంటున్నాను. ఇన్నాళ్లూ ఇంకొకళ్ల కల్పనలో తప్పులు వెతకడమే నా వృత్తి. వృత్తి అనుకున్నది నిజానికి నేను దాక్కున్న చోటేమోనని మొదటిసారి అనిపించింది. ఆ గదిలో నాది అని చెప్పుకోడానికి ఇప్పుడొకటి ఉంది. అది పోతే మళ్లీ ఆ చోటికే వెళ్లాలి.

మేముండేది చిన్న మేడ. కింద అక్కా బావా, పైన నేను. అక్క బడిలో లెక్కలు చెబుతుంది. బావ లిఫ్టులు బాగుచేస్తాడు.

“ఇన్నాళ్లకి పని చేసేవాణ్ణి హీరోని చేశారోయ్,” అన్నాడు బావ, సంగతి విని. “తలుపు తియ్యకపోతే మీ హీరో ఎక్కడికెళ్తాడు? గోడకి గుద్దుకుంటాడు.”

“మా తమ్ముడు ఒక మాటన్నాడంటే ఊరికే అనడు,” అంది అక్క.

“నలభై మూడేళ్లకి ఒక మాటన్నాడు. ఇంకోటి వినడానికి నేను ఉంటానో ఉండనో.”

ఇక మిగిలింది ఒక్క పని. గోడ మీద నిలిచిన ఏ కార్డుకైనా చివరి పరీక్ష ఒకటుంటుంది. ఆ పాత్ర ఒక్కదాని మీదే కన్ను పెట్టి, సినిమాలన్నీ మొదటి నుంచి చివరిదాకా మళ్లీ చూసి, కార్డు వెనక నేను సంతకం చేయాలి. మిగతావాళ్ల కార్డులైతే పుట్టిన రోజే చూసేసేవాణ్ణి. ఈ కార్డుని ఆదివారం దాకా వాయిదా వేశాను. పని ఎక్కువై అనుకున్నాను అప్పుడు. ఇప్పుడలా అనుకోవడం లేదు.

ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టాను. మొదటి సినిమా బాగానే గడిచింది, రెండోదీ గడిచింది. మూడో సినిమాలో డెబ్బై రెండో నిమిషం. నౌక వెనకభాగం అంటుకుంది. గాయపడ్డ స్నేహితుణ్ణి ఈడ్చుకుంటూ హీరో మన వైపు వస్తుంటాడు. అందరి కళ్లూ హీరో మీదే ఉంటాయి. అతని వెనక, కుడివైపు మూలన, బొటనవేలంత బూడిదరంగు మనిషి ఒకడు ఆ భాగాన్ని మూసే తలుపుకి అవతల నిలబడి ఉన్నాడు. నిప్పు ఉన్న వైపు. తలుపు పైనుంచి కిందికి దిగింది. దానికున్న చిన్న అద్దం ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

వెనక్కి తిప్పి మళ్లీ చూశాను. తలుపు మనిషే.

ఈ సినిమాని నేను అరవైసార్లకి పైగా చూశాను. రిజిస్టరు తీసి ఆ నిమిషం వెతికాను. నా చేతిరాతలోనే తొమ్మిది వరసలున్నాయి. హీరోకి ఎడమ గ్లోవ్ లేదు. గోడ మీద దీపాలు ఆరు, వాటిలో రెండు వెలగడం లేదు. స్నేహితుడి రక్తం కుడి మోకాలు దాకా. తలుపు అవతల మనిషి గురించి ఒక్క అక్షరం లేదు. నాలుగో సినిమా మొదటి పేజీ తిప్పాను. ‘తలుపులు ఈ సినిమా నుంచి ఆటోమేటిక్’ అని రాసి, కింద గీత కూడా గీశాను. ఎందుకు ఆటోమేటిక్ అయ్యాయో, ఇదివరకు తీసే మనిషి ఏమయ్యాడో నన్ను నేను అడగలేదు.

మనసు లోపల ఒక గుమాస్తా ఉంటాడనుకుంటాను. యజమాని తట్టుకోలేని ఉత్తరాలు వస్తే చింపడు, పారెయ్యడు. తెరవకుండా పక్క సొరుగులో పెడతాడు. పైగా ఆ రోజు మిగతా ఉత్తరాలన్నీ మరీ శ్రద్ధగా చదివి వినిపిస్తాడు. ఆ తొమ్మిది వరసలంత వివరంగా నేను ఏ నిమిషాన్నీ రాయలేదు.

భోజనానికి పిలవడానికి అక్కా, ఆమె వెనకే బావా పైకి వచ్చారు. తెర చూపించాను.

బావ కళ్లజోడు పైకి తోసుకుని దగ్గరగా వంగాడు. “ఇంకోసారి తిప్పు. ఆ, అక్కడ ఆపు.” వేలితో మూల చూపించాడు. “ఆ తలుపు దానంతటది పడలేదోయ్. వాడే మూశాడు.”

“నీకెలా తెలుసు?”

“ఎడమ చెయ్యి చూడు. నిప్పంటుకుంటే ఇలాంటి తలుపు తెరుచుకునే ఉండాలి, జనం ఇరుక్కోకుండా. దించాలంటే అవతల పక్కనున్న బటన్ని ఎవరో ఒకరు నొక్కిపట్టుకోవాలి. వదిలితే మళ్లీ పైకి పోతుంది. వాడు వదల్లేదు, చూడు. చివరిదాకా చెయ్యి అక్కడే ఉంది. ఈ సీను ఎవడు తీశాడో గానీ, తలుపుల సంగతి తెలిసినవాడే.”

ముగ్గురం కాసేపు ఆ చేతినే చూశాం.

“అయితే మన సీరియల్ గోవిందా?” అన్నాడు బావ మెల్లిగా.

“సీరియల్ నాలుగో సినిమా తర్వాత మొదలవుతుంది. మనిషే లేడు.”

“ఎవరికి తెలుస్తుందోయ్? కోట్లమంది చూశారు. ఒక్కడూ కనిపెట్టలేదు. రాసిపెట్టుకునేవాడివి, నువ్వే కనిపెట్టలేదు.”

అక్క బల్ల మీది కార్డు తీసి, బోర్లా తిప్పి నా ముందు పెట్టింది. దాని మీద నా పెన్ను పెట్టింది. “పెట్టేయ్ మరి సంతకం,” అంది. బడిలో తప్పు లెక్క చేసిన పిల్లాడికి కూడా సుద్దముక్క ఇలాగే ఇస్తుందనుకుంటాను. కోప్పడదు, కదలదు, చూస్తూ ఉంటుంది.

పెన్ను తీసుకున్నాను. పెట్టలేకపోయాను. నిజాయితీ అని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది గానీ, అది కాదు. అరవైసార్లు అతను చనిపోతుంటే నేను గోడ మీద దీపాలు లెక్కపెట్టాను. ఇప్పుడు సంతకం పెడితే చూసి కూడా చూడనట్టే.

“అన్నం చల్లారిపోతుంది, పద,” అంది అక్క.

సోమవారం పదింటికి గదిలో అందరూ ఉన్నారు. నిర్మాత కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఛానెల్ ఆయన పదకొండింటికి వస్తాడు. నేను రిజిస్టరు తెరిచి, ఎప్పుడూ చెప్పినట్టే చెప్పాను.

“మూడో సినిమా, డెబ్బై రెండో నిమిషం. ఈ పాత్ర చనిపోయింది.”

“ఏ పాత్రండీ?” అన్నాడు భర్త.

“తలుపు మనిషి.”

నిర్మాత కుర్చీలో కూలబడ్డాడు. మేడమ్ నన్ను చాలాసేపు చూసింది. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ ఆ చూపులో. “మీ కార్డునే చంపుకున్నారా?” అంది.

“అవునండీ.”

భార్య కార్డు వైపు చూసి, నా వైపు చూసి, “అయితే లేవండి,” అంది చాలా చిన్నగా.

లేచాను. నవ్వించడం నాకు రాదు. చూసింది చెప్పడం ఒక్కటే వచ్చు. తలుపు ఎలా దిగిందో, బటన్ ఎందుకు నొక్కిపట్టుకోవాలో, వదిలితే ఏమయ్యేదో చెప్పాను. అతను అంతకుముందు ఎంతమందిని లెక్కపెట్టాడో చెప్పాను. ముప్పై ఎనిమిది మంది వెళ్లారు, ముప్పై ఒక్కరు వచ్చారు. ఆ చివరి లెక్క మాత్రం ఎవరూ పెట్టలేదన్నాను. కోట్లమంది చూస్తుండగా మూలన నిలబడి పోయాడు, హీరో కూడా వెనక్కి తిరగలేదు అన్నాను. “నేనూ చూడలేదు. అతనంటే నాకు చాలా ఇష్టం, అందుకే చూడలేదనుకుంటాను,” అన్నాను. నిమిషం ఎప్పుడో దాటిపోయింది. ఎవరూ ఆపలేదు.

ఆపింది గుమ్మం దగ్గర నుంచి వచ్చిన గొంతు.

“ఒక్క మాట. అంటే, చివరి ఎపిసోడ్ ముందే తీసి ఉందా?”

ఛానెల్ ఆయన. ఎప్పుడొచ్చాడో తెలియదు, చేతిలో సంచీ కూడా కింద పెట్టలేదు. మా ఆచారం ఆయనకేం తెలుసు? ఒకతను నిలబడి కథ చెబుతున్నాడు, మిగతావాళ్లు నోరు మూసుకుని వింటున్నారు. తనకి చూపించాల్సిన కథే అనుకున్నాడు. ముందుగా వచ్చినందుకు నొచ్చుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడట.

నేను సంజాయిషీ చెప్పబోయాను. మేడమ్ పెన్సిలు పైకెత్తింది. అంతే, నా నోరు మూతబడింది.

“తీసే ఉంది,” అంది మేడమ్ కనురెప్ప కదపకుండా. “ఆరేళ్ల క్రితం తీశాం. కోట్లమంది చూశారు, ఒక్కళ్లూ గమనించలేదు. సీరియల్ అంతకి పదేళ్ల ముందు మొదలవుతుంది. అతను ఆ తలుపు దగ్గర డ్యూటీలో చేరిన రోజు నుంచి. చివరి భాగం ఎక్కడ ఆగుతుందో, అక్కడ జనం ఆ సినిమా మళ్లీ పెట్టుకుని, మూలకి చూస్తారు.”

నిర్మాత దగ్గాడు. అది దగ్గు కాదని మా అందరికీ తెలుసు.

“ఆ ముక్క చూపించండి,” అన్నాడు ఛానెల్ ఆయన.

వేశాం. చూశాడు. “మళ్లీ వెయ్యండి.” మళ్లీ వేశాం. మూడోసారికి ఆయన కళ్లు హీరో మీదికి పోలేదు. “మా అమ్మాయి ఈ సినిమా పది పన్నెండుసార్లు చూసుంటుంది,” అన్నాడు. “దానికి చెప్పకూడదు, కదూ?”

“పొరపాటున కూడా చెప్పకండి,” అంది భార్య.

“కానీ ఆయనకిప్పుడు వయసు పైబడి ఉంటుంది కదా. కథ వెనక్కి పోతోంది.”

“సగం సేపు హెల్మెట్లోనే ఉంటాడండీ,” అన్నాడు భర్త. “మిగతా సగం జుట్టుకి రంగేద్దాం.”

నిర్మాత అక్కడికక్కడే బట్టల దుకాణానికి ఫోన్ కలిపి, అందరికీ వినబడేట్టు పెట్టాడు. మూడో సినిమాలో మీరు చనిపోయిన సంగతి మీకు తెలుసా అని అడిగాడు.

“తెలియకేమండీ, పోయింది నేనే కదా,” అన్నాడాయన. వెనక ఎవరో పెద్ద సైజు చొక్కా అడుగుతున్నారు. “ఆ రోజు మధ్యాహ్నం నాకు దుకాణంలో డ్యూటీ. తొందరగా చంపి పంపించెయ్యమన్నాను. ఒకే దెబ్బకి ఓకే అయింది.”

“మరి మొన్న ఫోన్ చేసినప్పుడు చెప్పలేదే?”

“సీరియల్లో బతికించారేమో అనుకున్నానండీ. బతికిస్తామంటే వద్దనేవాడు ఎవడుంటాడు?”

ఆ నవ్వుల్లోనే ఛానెల్ ఆయన సంచీ కింద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా లేవలేదు. లేచేటప్పటికి పన్నెండు భాగాలు కాస్తా ఇరవై అయ్యాయి.

ఆయన వెళ్లాక మేడమ్ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. “చివరి భాగం మీరే రాయాలి. మొదటిది కూడా.”

“నేను రిజిస్టరు చూసుకునేవాణ్ణండీ.”

“చూసుకోలేరని ఇవాళ పొద్దునే తేలిపోయింది. ఇష్టమైన మనిషి మీ కంటికి ఆనడు. రిజిస్టరు ఆవిడకిచ్చెయ్యండి.”

పదకొండేళ్లుగా దాన్ని వేరే చేతుల్లో పెట్టలేదు. బల్ల మీదుగా జంటలో భార్య వైపు తోశాను. బరువుకి ఆవిడ రెండు చేతులూ వేసింది. ఇచ్చేశాక నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక కొంతసేపు ఇబ్బందిపడ్డాను. గుండెల్లో మాత్రం, సామాను ఖాళీ చేసిన గదిలో మాట్లాడితే వచ్చే ప్రతిధ్వనిలాంటిది ఏదో ఉంది. దిగులు అనుకున్నాను మొదట. కాదు.

ఆవిడ ఖాళీ పేజీ తెరిచి, పైన తారీకు వేసింది. “తలుపు మనిషి. డ్యూటీలో మొదటి రోజు. చెప్పండి, భయపడుతున్నాడా?”

“కొంచెం.”

“దేనికి?”

నాలుగు సినిమాల్లో ఎక్కడా లేదు. అలవాటు కొద్దీ రిజిస్టరు వైపు చూశాను. అది ఆవిడ చేతి కింద ఉంది.

“తను లెక్క తప్పుతానేమోనని,” అన్నాను. “చిన్నప్పుడొకసారి తప్పాడు.”

“ఎక్కడ? ఎవర్ని లెక్కపెడుతూ? ఎంతమందికి ఎంతమంది తగ్గారు?”

“అయిపోయారండీ మీరు,” అన్నాడు భర్త కంప్యూటరు వెనక నుంచి. “మా ఇంట్లో పొద్దున లేస్తే నాకు ఇదే.”

“నువ్వాగు,” అంది ఆవిడ, కళ్లు నా మీద నుంచి తిప్పకుండా. పెన్ను కాగితానికి ఆనించే ఉంది.

“స్కూలు వాళ్లు నదికి తీసుకెళ్లినప్పుడు,” అన్నాను. ఆ నదిని నేను ఎప్పుడూ చూడలేదు. “పద్దెనిమిది మంది పిల్లలు. లెక్కపెట్టమని టీచరు అతనికే చెప్పింది. ఒకరు తక్కువొచ్చారు. అందరూ వెతుకుతున్నారు, అతనూ వెతుకుతున్నాడు. సాయంత్రమైంది.”

“దొరికారా?”

“తనని తాను లెక్కపెట్టుకోలేదు.”

ఆవిడ రాయడం ఆపి నా మొహంలోకి చూసింది. తర్వాత, ఒక్కొక్క మాటా జాగ్రత్తగా, నేను ఇన్నేళ్లూ రాసినంత జాగ్రత్తగా రాసుకుంది.